డ్రైవర్ టైము ఎవరిది?

అందరికీ నమస్కారం. మీలో చాలామందికి వారంలో ఇంట్లో ఉండేది ఈ ఒక్క రోజే. అది వదులుకుని వచ్చారు కాబట్టి డొంకతిరుగుడు లేకుండా మాట్లాడతాను.

నేను అమెరికాలో ట్రక్కు ఎక్కి పదిహేనేళ్లు దాటింది. మొదటి నాలుగేళ్లు లీజు బండి నడిపాను, అంటే కంపెనీ దగ్గరే బండి తీసుకుని, వాయిదాలు కడుతూ ఆ కంపెనీకే తోలడం. తర్వాత యూనియన్ ఉన్న ఒక ఎల్‌టీఎల్ కంపెనీలో, అంటే చాలామంది కస్టమర్ల సరుకు ఒకే ట్రెయిలర్‌లో కలిపి తోలే కంపెనీలో చేరాను, ఇప్పటికీ అక్కడే రాత్రిపూట లైన్‌హాల్, అంటే ఒక టెర్మినల్ నుంచి ఇంకో టెర్మినల్ వైపు సరుకు చేరవేసే పని చేస్తున్నాను. మధ్యలో మూడేళ్లు మా టెర్మినల్‌లో స్టీవార్డ్‌గా, అంటే తోటి డ్రైవర్ల తరఫున మేనేజర్ దగ్గర మాట్లాడే మనిషిగా ఉన్నాను. ఈ హాల్లో రెండు మూడు బండ్లు కొని డ్రైవర్లని పెట్టుకున్న వాళ్లు కూడా ఉన్నారని తెలుసు. ఇవాళ్టి మాట మీకూ సంబంధించినదే.

ఈమధ్య ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, నాకు రెండు ఆఫర్లు ఉన్నాయి. ఒకటి యూనియన్ కంపెనీ, ఇంకోటి లీజు బండి. యూనియన్‌లో అన్నిటికీ రూల్సేనట కదా, ఫ్లెక్సిబిలిటీ అస్సలు ఉండదట. లీజు బండి అయితే మనకి మనమే బాస్ అంటున్నారు. ఏది తీసుకోమంటావు?" అని. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అతని వయసులో నేనూ అదే లెక్క వేసుకుని లీజు బండి ఎక్కినవాణ్ని. ఫ్లెక్సిబిలిటీ అనే ఆ మాట ఎంత బాగుంటుందో నాకు తెలుసు. దాని వెనక ఏముందో తెలియడానికి నాలుగేళ్లు పట్టింది.

ఒక రోజు సంగతి చెబుతాను. రీఫర్, అంటే సరుకుని చల్లగా ఉంచే ట్రెయిలర్, లోపల చికెన్. పొద్దున 5కి డ్యూటీ మొదలుపెట్టాను, 6కి ఒక పెద్ద గ్రోసరీ వేర్‌హౌస్‌లో అపాయింట్‌మెంట్. చిన్న కిటికీలోంచి ఒకమ్మాయి కాగితాలు తీసుకుని, ఫోన్ నంబర్ రాసుకుని, డోర్ నంబర్ చెప్పింది. వెనక్కి పెట్టాను. డోర్ పక్కన ఎర్ర లైటు వెలిగింది. ఆ లైటు పచ్చగా మారేదాకా బండి కదపకూడదు. 7 అయింది, 8 అయింది. ఒక ఫోర్క్‌లిఫ్ట్ లోపలికి వచ్చినప్పుడు ట్రెయిలర్ కొంచెం ఊగుతుంది, మనకి సీట్లో తెలుస్తుంది. ఆ ఊపు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. 9 దాటాక ఒకసారి ఊగింది, మళ్లీ ఆగిపోయింది. లైటు పచ్చగా మారేసరికి మధ్యాహ్నం 12.

ఇప్పుడు లెక్క చూడండి. ఫెడరల్ రూలు ప్రకారం డ్యూటీ మొదలైన దగ్గర్నుంచి 14 గంటల్లోపే నడపాలి. అందులో మొత్తం నడిపేది 11 గంటలకి మించకూడదు. ఆ తర్వాత 10 గంటల విశ్రాంతి తీసుకోకుండా మళ్లీ స్టీరింగ్ పట్టకూడదు. 5కి మొదలుపెట్టాను కాబట్టి సాయంత్రం 7కి నా రోజు ముగుస్తుంది. డోర్ దగ్గరే ఆరు గంటలు పోయాయి. ఎంత తొందరపడ్డా మిగిలింది ఏడు గంటలు. నాకు డబ్బులు వచ్చేది మైళ్లకి. ఆ ఆరు గంటలకి నాకు ముట్టింది సున్నా. ఆ వారం సెటిల్‌మెంట్ కాగితం వచ్చింది. బండి వాయిదా, ఇన్సూరెన్సు, డీజిల్ అన్నీ పట్టుకోగా కింద మొత్తం ముందు మైనస్ గుర్తు ఉంది. వారమంతా గొడ్డు చాకిరీ చేసి నేనే కంపెనీకి బాకీపడ్డాను.

కాగితం మీద నేను ఇండిపెండెంట్ కాంట్రాక్టర్‌ని. లోడు వద్దనే హక్కు నాకుంది. ఒకసారి వద్దన్నాను కూడా. తర్వాత రెండు రోజులు ఫోన్ మోగలేదు. వాయిదా మాత్రం శుక్రవారం ఠంచనుగా పట్టుకున్నారు. అప్పుడు అర్థమైంది, ఆ ఫ్లెక్సిబిలిటీ అంతా వేర్‌హౌస్‌ది, లోడు కుదిర్చే బ్రోకర్‌ది, కంపెనీది అని. వాళ్ల టైము అటూ ఇటూ అయితే ఆ నష్టం అంతా దొర్లుకుంటూ వచ్చి నా ఒళ్లో పడేది.

ఇక్కడ ఒక చట్టం గురించి చెప్పాలి. అమెరికాలో వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు జీతం ఇవ్వాలన్న చట్టం 1938లో వచ్చింది. రాష్ట్రాలు దాటి సరుకు తోలే డ్రైవర్లని మాత్రం ఆ ఓవర్‌టైమ్ లెక్కలోంచి బయట పెట్టారు. ఆ మినహాయింపు ఇప్పటికీ ఉంది. అంటే మన టైముకి ఫెడరల్ చట్టం గట్టి ధర పెట్టలేదు. ఎవరైనా పెట్టారంటే అది యూనియన్ కాంట్రాక్టులోనే. అందుకే వర్క్ రూల్స్ అనగానే మొహం చిట్లించే ముందు అవి ఎక్కణ్నుంచి వచ్చాయో చూడాలి.

టీమ్‌స్టర్స్ యూనియన్ పేరులోనే పాత కథ ఉంది. గుర్రాల జతని టీమ్ అనేవాళ్లు, వాటిని తోలేవాడు టీమ్‌స్టర్. 1903లో ఆ బండ్లవాళ్ల యూనియన్లు కలిసి ఇప్పుడున్న రూపానికి వచ్చాయి. 1934లో మినియాపొలిస్‌లో ట్రక్కు డ్రైవర్ల సమ్మె జరిగింది. జులై 20న పోలీసులు కాల్పులు జరిపారు, ఇద్దరు చనిపోయారు, అరవై మందికి పైగా గాయపడ్డారు. ఆ సమ్మె నడిపినవాళ్లలో ఫారెల్ డాబ్స్ ఒకరు. ఆయన తర్వాత ఊళ్లు దాటి నడిపే డ్రైవర్లని కూడగట్టడం మొదలుపెట్టాడు. ఒక ఊళ్లో సమ్మె చేస్తే సరుకు ఇంకో ఊరి మీదుగా పోతుంది, అందుకని దారి పొడవునా ఒకే కాంట్రాక్టు ఉండాలన్నది ఆయన ఆలోచన. దాన్ని దగ్గరగా చూసి నేర్చుకుని, తర్వాత టీమ్‌స్టర్స్ అధ్యక్షుడైన జిమ్మీ హోఫా 1964 జనవరిలో నేషనల్ మాస్టర్ ఫ్రైట్ అగ్రిమెంట్ సాధించాడు. నాలుగు లక్షల మంది డ్రైవర్లకి దేశమంతా ఒకటే ఒప్పందం. హోఫా మీద ఉన్న కేసులు, ఆయన జైలుకి వెళ్లడం, 1975లో మాయమైపోవడం మీకు తెలుసు. వాటిని నేను వెనకేసుకురాను. ఆ ఒప్పందం మాత్రం నాలాంటివాళ్ల ఇళ్లలో పొయ్యి వెలిగించింది.

ఆ రోజుల్లో ఆ ఒప్పందం నిలబడటానికి ఇంకో గోడ ఉండేది. 1935 చట్టం ప్రకారం ఏ కంపెనీ ఏ రూట్లో ఏ సరుకు తోలాలో ఇంటర్‌స్టేట్ కామర్స్ కమిషన్ అనుమతి ఇవ్వాలి. కొత్త కంపెనీ రావడం చాలా కష్టం. రేట్లు కంపెనీలన్నీ కలిసి వేసుకునేవి. డ్రైవర్‌కి ఎక్కువ ఇస్తే ఆ ఖర్చు సరుకు యజమాని మీద వేసేవాళ్లు. 1980 జులై 1న అధ్యక్షుడు కార్టర్ సంతకంతో ఆ గోడ కూలింది. ఎవరైనా రావచ్చు, ఎంతకైనా తోలవచ్చు. సరుకు యజమానులకి చవకైంది, నిజమే. అంతకుముందు ఆ అనుమతుల వ్యవస్థ కొత్తవాళ్లకి చేసిన అన్యాయం కూడా నిజమే. కానీ గోడ పోయాక తక్కువకి తోలేవాడి పక్కన నిలబడి పోటీ పడాల్సి వచ్చింది యూనియన్ కంపెనీ. అప్పటిదాకా మామూలుగా ఉన్న రూల్సు అప్పటి నుంచి బరువుగా కనపడటం మొదలైంది.

సరే, ఆ రూల్సు లోపల ఏముంటాయి?

మా టెర్మినల్‌లో బిడ్ రోజు ఎలా ఉంటుందో చెబుతాను. డ్రైవర్ల గదిలో కాఫీ మెషిన్ పక్కన గోడకి కాగితాలు అంటిస్తారు. ఒక్కో గీతలో ఒక్కో రన్. ఎన్నింటికి బయల్దేరాలి, ఎక్కడికి, ఏ రోజులు సెలవు అన్నీ రాసి ఉంటాయి. పక్కనే సీనియారిటీ లిస్టు. ముందు పైన ఉన్నాయన వచ్చి కళ్లజోడు పెట్టుకుని తనకి కావలసిన గీత మీద పేరు రాస్తాడు. మా లిస్టులో మొదటాయన అప్పటికి 27 ఏళ్ల సర్వీసు మనిషి. ఆయనది పగటి రన్, సాయంత్రం 5కి ఇంట్లో ఉంటాడు. తర్వాత రెండోవాళ్లు, మూడోవాళ్లు. మేనేజర్‌కి నచ్చినవాడు, మేనేజర్‌తో చేపలు పట్టడానికి వెళ్లేవాడు అనే తేడా ఆ కాగితం దగ్గర నడవదు.

నా వంతు వచ్చేసరికి గీతలన్నీ నిండిపోయాయి. నాకు మిగిలింది ఎక్స్‌ట్రా బోర్డు. అంటే రన్ అంటూ ఏదీ లేదు, వంతు వచ్చినప్పుడు ఫోన్ వస్తుంది, మా దగ్గర రెండు గంటల్లో టెర్మినల్‌లో ఉండాలి. మొదటి మూడేళ్లు అలాగే బతికాను. మా పాప స్కూల్లో పాట పాడుతున్న రోజు ముందు వరసలో కూర్చున్నాను, ఫోన్ మోగింది, లేచి వెళ్లిపోయాను. సీనియారిటీలో ఉన్న నొప్పి ఇదే, దాన్ని నేను దాచను. పసిపిల్లలు ఉండి ఇంట్లో మనిషి అవసరం ఎక్కువ ఉన్న వయసులో అందరికన్నా చెడ్డ టైము మన నెత్తిన పడుతుంది. పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోయాక మంచి టైము దొరుకుతుంది. యూనియన్ మీటింగుల్లో ఈ మాట లేవనెత్తితే పాతవాళ్లకి కోపం వస్తుంది. వచ్చినా సరే, మాట్లాడాలి.

అయినా అదే రూలు నాలుగో ఏట నాకు ఒక రన్ ఇచ్చింది. రాత్రి 9కి బయల్దేరి, సగం దారిలో అటు నుంచి వచ్చే డ్రైవర్‌ని కలిసి ట్రెయిలర్లు మార్చుకుని, తెల్లవారి 7కి ఇల్లు. వారానికి ఐదు రాత్రులు. చిన్న విషయంలా అనిపిస్తుంది. నాలుగేళ్లు లీజు బండిలో, మూడేళ్లు బోర్డు మీద ఉన్నవాడికి అది పండగ. మంగళ, గురువారాల్లో సాయంత్రం 4కి పాపని స్విమ్మింగ్‌కి తీసుకెళ్తానని మా ఆవిడకి మాటిచ్చాను, ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాను. జీవితంలో మొదటిసారి నా టైము నాకు ముందే తెలిసింది. ఆ స్వేచ్ఛ నాకు ఇచ్చింది ఒక రూలు.

ఇంకోటి, వెయిటింగ్. ఇప్పుడు నా ట్రెయిలర్ సిద్ధంగా లేకపోతే ఆ గంటకి డబ్బులు ఉంటాయి. బండి చెడిపోయి రోడ్డు పక్కన ఆగినా ఉంటాయి. ఆ డబ్బు నాకు ఎంత ముఖ్యమో దాని వల్ల జరిగే ఇంకో పని కూడా అంతే ముఖ్యం. నన్ను ఊరికే కూర్చోబెడితే కంపెనీకి ఖర్చవుతుంది కాబట్టి ఎవరూ కూర్చోబెట్టరు. బండ్లని పంపించే డిస్పాచర్, సరుకు ఎక్కించే డాక్‌కి ఫోన్ చేసి అరుస్తాడు. లీజు బండి రోజుల్లో నా కోసం ఎవరూ ఎవరి మీదా అరవలేదు.

ఇప్పుడు రెండో వైపు. మా రూల్సులో కొన్ని నాకు మింగుడు పడలేదు, స్టీవార్డ్‌గా ఉన్నప్పుడు కూడా. యూనియన్ కాంట్రాక్టుల్లో పనిని విడగొడతారు. రోడ్డు డ్రైవర్ వేరు, ఊళ్లో పికప్ డెలివరీ చేసేవాడు వేరు, డాక్ మీద సరుకు ఎక్కించేవాడు వేరు. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకూడదు. ఒక రాత్రి నా ట్రెయిలర్‌లోకి ఇంకా నాలుగు ప్యాలెట్లు ఎక్కాలి. డాక్ మనుషులు ఇద్దరు రాలేదు, ఉన్నవాళ్లు అటు చివర పనిలో ఉన్నారు. ఫోర్క్‌లిఫ్ట్ నా ముందే ఖాళీగా ఉంది, నాకు దాన్ని నడిపే సర్టిఫికెట్ కూడా ఉంది. పావుగంట పని. గంటన్నర బ్రేక్ రూమ్‌లో కూర్చున్నాను, ఆ గంటన్నరకి జీతం కూడా తీసుకున్నాను. అటు నుంచి వచ్చిన డ్రైవర్ మీటింగ్ పాయింట్‌లో చలిలో నా కోసం ఎదురుచూశాడు. ఇది సరైన పద్ధతి అని నేను ఎవరితోనూ వాదించలేను.

ఆ రూలు ఎందుకు పుట్టిందో మా పాత స్టీవార్డ్ ఒకాయన చెప్పాడు. "ఇవాళ నాలుగు ప్యాలెట్లే కదా అని నువ్వు ఎక్కిస్తావు బాబూ. రేపు ఆ ఇద్దరు డాక్ మనుషుల్ని తీసేస్తారు. ఎల్లుండి నుంచి పది గంటలు నడిపొచ్చిన నువ్వు నలభై ప్యాలెట్లు ఎక్కించి వెళ్లాలి. అప్పుడు నిద్రమత్తులో బండి పల్టీ కొడితే పేపర్లో నీ పేరు వస్తుంది, కంపెనీది రాదు." ఆయన మాటలో భయం ఉంది, అనుభవం కూడా ఉంది. కంపెనీ మీద నమ్మకం లేని చోట ప్రతి చిన్న పనికీ ఒక గోడ కట్టుకుంటారు.

1994 ఏప్రిల్‌లో ఫ్రైట్ కంపెనీల మీద 24 రోజుల సమ్మె జరిగింది. కంపెనీలు అడిగింది డాక్‌ల మీద తక్కువ జీతానికి పార్ట్‌టైమ్ మనుషుల్ని పెట్టుకునే వెసులుబాటు. యూనియన్ ఒప్పుకోలేదు. చివరికి పార్ట్‌టైమ్ కోరిక కంపెనీలు వదులుకున్నాయి. బదులుగా దూరపు సరుకు ఇంకా ఎక్కువ రైలు మీద పంపడానికి యూనియన్ ఒప్పుకుంది. డాక్ మనిషిని కాపాడటానికి రోడ్డు డ్రైవర్ మైళ్లు కొన్ని పోయాయి. వాళ్లని తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. రూలుకి కూడా ఖరీదు ఉంటుంది, ఆ ఖరీదు ఒక్కోసారి పక్కనున్న తోటి సభ్యుడే కడతాడు. మనం అది కళ్లు తెరిచి చూడాలి.

ఇక యెల్లో కంపెనీ, యూనియన్ ఉన్న పెద్ద ఎల్‌టీఎల్ కంపెనీ. దాని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. ఫ్లెక్సిబిలిటీ గురించి ఎవరు మాట్లాడినా ఆ పేరే ఎత్తుతారు.

యెల్లో 2003లో రోడ్‌వేని, 2005లో యూఎస్‌ఎఫ్‌ని, అంటే తనలాంటి ఇంకో రెండు ట్రక్కు కంపెనీలని కొంది. ఆ అప్పులు నెత్తి మీద ఉండగానే 2008 మాంద్యం వచ్చింది. 2009లో డ్రైవర్లు ముందు 10 శాతం, తర్వాత ఇంకో 5 శాతం జీతం తగ్గింపుకి ఒప్పుకున్నారు. పెన్షన్‌కి కంపెనీ కట్టే డబ్బు కొంతకాలం ఆపేశారు, తర్వాత మొదలుపెట్టినప్పుడు పాత మొత్తంలో పావు వంతే. 2020లో కోవిడ్ సమయంలో ప్రభుత్వం 70 కోట్ల డాలర్లు అప్పు ఇచ్చింది. చేతి కింద ఉన్న కంపెనీలన్నిటినీ కలిపి ఒకే నెట్‌వర్క్‌గా చేయాలని పథకం వేశారు. పశ్చిమ ప్రాంతంలో మొదటి దశకి యూనియన్ 2022లో ఒప్పుకుంది. రెండో దశ దగ్గర పేచీ వచ్చింది. రోడ్డు డ్రైవర్లు కొంతమంది యుటిలిటీ ఉద్యోగులుగా డాక్ మీద కూడా పనిచేయాలని కంపెనీ అడిగింది. యూనియన్ కాదంది. 2023 జులైలో పెన్షన్, హెల్త్ ఫండ్లకి కట్టాల్సిన 5 కోట్ల డాలర్ల పైచిలుకు కంపెనీ కట్టలేదు. సమ్మె మాట వినపడగానే కస్టమర్లు సరుకు వెనక్కి తీసుకున్నారు. జులై 30న తలుపులు మూశారు, ఆగస్టు 6న దివాలా పిటిషన్ వేశారు. 30,000 ఉద్యోగాలు పోయాయి. అందులో 22,000 మంది టీమ్‌స్టర్లు.

"యూనియన్ రూల్సు కంపెనీని చంపేశాయి" అన్నారు కొందరు. "అప్పులు, మేనేజ్‌మెంట్ చంపేశాయి" అన్నారు ఇంకొందరు. నాకు తెలిసిన ఇద్దరు డ్రైవర్లు అక్కడ ఇరవయ్యేళ్లకి పైగా చేసినవాళ్లు. ఒకాయన మా ఇంట్లో భోజనం చేస్తూ అన్నాడు, "పదిహేనేళ్లు అడిగినప్పుడల్లా ఇచ్చాం. జీతం ఇచ్చాం, పెన్షన్ ఇచ్చాం. మళ్లీ వచ్చి డాక్ పని కూడా చెయ్యమంటే, ఈసారి నిజంగా ఆఖరిది అని ఎలా నమ్మాలి?" అని. నా అభిప్రాయం అడిగితే, ఆ రెండో దశ గురించి యూనియన్ ఇంకా గట్టిగా బేరం ఆడి ఒక దారి వెతకాల్సింది. గంటల మీద పరిమితి, ఒప్పుకున్నవాళ్లకే ఆ పని, అదనపు జీతం, ఇలా ఏదో ఒకటి. కానీ పదిహేనేళ్లు ఇచ్చి ఇచ్చి విసిగిన మనిషి గట్టిగా వద్దన్నాడని ఆయన్ని దోషిని చేయడం నాకు చేతకాదు. ఆ టెర్మినళ్లు తర్వాత వేలంలో అమ్ముడుపోయాయి. కొన్నవాళ్లలో ఎక్కువ భాగం యూనియన్ లేని కంపెనీలే.

పెన్షన్ మాట వచ్చింది కాబట్టి ఒక్క నిమిషం. చాలామంది గమనించని ఫ్లెక్సిబిలిటీ అందులో ఉంది. సెంట్రల్ స్టేట్స్ అనే టీమ్‌స్టర్ల పెన్షన్ ఫండ్ లాంటి దానిలోకి చాలా కంపెనీలు కడతాయి. అదే ఫండ్‌కి కట్టే ఇంకో కంపెనీకి మారితే మన పాత సర్వీసు మనతోనే వస్తుంది. కంపెనీ మారే స్వేచ్ఛ అంటే ఇది. ఆ ఫండ్ మునిగిపోయే పరిస్థితి వస్తే 2022 డిసెంబర్‌లో ఫెడరల్ ప్రభుత్వం 3,600 కోట్ల డాలర్లు ఇచ్చి మూడున్నర లక్షల మంది పెన్షన్లు కాపాడింది. లీజు డ్రైవర్‌కి అలాంటి ఫండే లేదు, ఇక కాపాడటానికి ఏముంది?

కాలిఫోర్నియా గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. డ్రైవర్‌ని కాంట్రాక్టర్ అనాలంటే కంపెనీ మూడు షరతులు నిరూపించాలని 2019లో ఏబీ5 చట్టం చేశారు. ట్రక్కింగ్ వరకు కోర్టులో ఆగింది. 2022 జూన్ చివర్లో సుప్రీంకోర్టు ఆ కేసు విననంది, దాంతో చట్టం ట్రక్కింగ్‌కీ వర్తించే దారి తెరుచుకుంది. జులైలో ఓక్లాండ్ పోర్టు గేట్ల దగ్గర సొంత బండి నడుపుకునే ఓనర్ ఆపరేటర్లు కొన్ని రోజులపాటు బండ్లు అడ్డం పెట్టారు. వాళ్లలో చాలామంది వలస వచ్చినవాళ్లు, మనలాంటివాళ్లే. "నా బండి నేను కొనుక్కున్నాను, నన్ను ఎవరి కిందో ఉద్యోగిని చేయకండి" అన్నారు. బండి పూర్తిగా తనదైనవాడు, నలుగురు బ్రోకర్ల దగ్గర లోడు చూసుకుని నచ్చిందే తీసుకునేవాడు నిజంగా స్వతంత్రుడే, అతన్ని వదిలెయ్యాలి. కానీ దక్షిణాన లాస్ ఏంజెలెస్, లాంగ్ బీచ్ పోర్టుల్లో 2008లో పాత బండ్లని నిషేధించినప్పుడు కొత్త బండి కొనలేని డ్రైవర్లు కంపెనీల దగ్గరే లీజుకి తీసుకుని, ఆ కంపెనీకే తోలి, వాయిదాలు కట్టలేక బండినీ కట్టిన డబ్బునీ పోగొట్టుకున్నారు. ఈ ఇద్దర్నీ ఒకే గాటన కట్టకూడదు. లీజు ఒప్పందాలు చూడటానికి ఫెడరల్ ప్రభుత్వం వేసిన టాస్క్ ఫోర్స్ కూడా 2025 జనవరిలో ఈ లీజ్ పర్చేజ్ పద్ధతిని నిషేధించమనే చెప్పింది. ఆ మాట చదివినప్పుడు నా మైనస్ సెటిల్‌మెంట్ కాగితం గుర్తొచ్చి చాలాసేపు ఊరికే కూర్చుండిపోయాను.

ప్రభుత్వం కూడా ఫ్లెక్సిబిలిటీ పేరుతో 2020 సెప్టెంబర్‌లో రూల్సు మార్చింది. ఇప్పుడు 10 గంటల విశ్రాంతిని రెండు ముక్కలు చేసుకోవచ్చు. 7 గంటలు స్లీపర్‌లో, అంటే బండిలోని పడకలో, మిగతా 3 వేరేగా. అలా జత చేస్తే ఆ ముక్కలు 14 గంటల లెక్కలోకి రావు. ఇది నిజంగా మేలు చేసిన రూలే. పెద్ద ఊళ్లో సాయంత్రం ట్రాఫిక్‌లో నలగకుండా మూడు గంటలు పడుకుని లేచి వెళ్లవచ్చు. నిద్ర వచ్చినప్పుడు నిద్రపోవచ్చు. అయితే డిస్పాచర్లు దాన్ని ఎలా వాడుతున్నారో విన్నాను. "డోర్ దగ్గర ఎలాగూ మూడు గంటలు పడుతుంది, స్లీపర్‌లోకి వెళ్లి విశ్రాంతి అని పెట్టు, సాయంత్రం లోడు అందుతుంది" అంటారు. ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కి దిగినప్పుడల్లా మంచం ఊగుతుంటే అది ఏం విశ్రాంతి? ఒకే రూలు ఉంది. డ్రైవర్ తనకి తానుగా వాడుకుంటే ఆరోగ్యం. డిస్పాచర్ వాడిస్తే ఇంకో మూడు గంటలు ఉచిత చాకిరీ.

అందుకే నేను రూల్సుని రెండు రకాలుగా చూడటం అలవాటు చేసుకున్నాను. మనిషి టైముకి ధర కట్టే రూల్సు కొన్ని. వెయిటింగ్‌కి డబ్బు, ముందే తెలిసిన షెడ్యూలు, అలసిపోయానంటే బండి ఎక్కించకపోవడం, మేనేజర్ అన్యాయం చేస్తే గ్రీవెన్స్, అంటే ఫిర్యాదు వేసి ఇరుపక్షాల కమిటీ ముందు నిలబెట్టడం. వీటిలో ఒక్క మెట్టు కూడా దిగకూడదంటాను. ఎవరు ఏ ప్యాలెట్ ముట్టుకోవాలన్న రూల్సు ఇంకొన్ని. వాటిని టేబుల్ మీద పెట్టి మాట్లాడుకోవచ్చు, ఊరికే ఇవ్వకుండా దేనికి బదులు ఇస్తున్నామో రాయించుకుని. మా టెర్మినల్‌లో ఈ మాట అన్నందుకు రెండు వైపుల నుంచీ తిట్లు తిన్నాను. నా అభిప్రాయం మార్చుకోవాలని ఇంతవరకు అనిపించలేదు.

ఆ కుర్రాడికి చివరికి ఏం చెప్పానంటే, లీజు కాగితం నాకు పంపించు అన్నాను. ఇద్దరం ఫోన్‌లో వరస వరసగా చదివాం. వారం వాయిదా ఎంతో స్పష్టంగా ఉంది. డిటెన్షన్, అంటే డోర్ దగ్గర ఆపినందుకు ఇచ్చే డబ్బు గురించి, "కస్టమర్ చెల్లించిన పక్షంలో" అని ఉంది. వేరే కంపెనీ లోడు తోలవచ్చా అన్నదానికి రాతపూర్వక అనుమతి కావాలని ఉంది. మధ్యలో మానేస్తే కట్టినదంతా కంపెనీదే. "మరి నేను బాస్ అన్నారు కదా అన్నా?" అన్నాడు. ఆ గొంతు విని నాకు బాధేసింది. అతను యూనియన్ కంపెనీలో చేరాడు. ఇప్పుడు ఎక్స్‌ట్రా బోర్డు మీద ఉన్నాడు, వేళాపాళా లేని ఫోన్లతో సతమతమవుతున్నాడు. వచ్చే నెల మా యూనియన్ లోకల్ శాఖ మీటింగ్‌లో కొత్తవాళ్లకి వారానికి ఒక రోజైనా ఫోన్ రాని రోజు ముందే రాసి ఇవ్వాలని ప్రతిపాదన పెడుతున్నాం. దాన్ని చదివేది అతనే.

బండ్లు ఉన్నవాళ్లకి ఒక మాట. యూనియన్ లేని చిన్న కంపెనీ మీది, కాంట్రాక్టు ఏమీ లేదు. అయినా మీ డ్రైవర్ డోర్ దగ్గర కూర్చున్న ప్రతి గంటకి ఎంతో కొంత ఇవ్వడం రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు. ఇచ్చి చూడండి, ఏ వేర్‌హౌస్ మీ బండిని ఎంతసేపు నిలబెడుతోందో మీకే మొదటిసారి లెక్క తెలుస్తుంది. అప్పుడు బ్రోకర్‌తో రేటు మాట్లాడేటప్పుడు మీ గొంతు కూడా మారుతుంది. మంచి డ్రైవర్ దొరకడం లేదని మీలో ముగ్గురు ఇందాక బయట టీ తాగుతూ అన్నారు. ట్రెయిలరంతా ఒకే కస్టమర్ సరుకుతో తోలే పెద్ద ట్రక్‌లోడ్ కంపెనీల్లో డ్రైవర్లు మానేసే రేటు చాలా ఏళ్లు 90 శాతం దాటింది. ఎల్‌టీఎల్‌లో అది చాలా తక్కువ. ఆ మనుషులూ ఈ మనుషులూ ఒకటే, నడిపే రోడ్లూ ఒకటే.

నేను చెప్పాల్సింది చెప్పాను. ఇక ప్రశ్నలు. ఆ మైకు ముందు వెనక వరసలో నీలం చొక్కా అన్నకి ఇవ్వండి. ఆయన రాత్రికి బండెక్కాలి, ఇంటికెళ్లి కాసేపు పడుకోవాలి. మిగతావాళ్లం తర్వాత మాట్లాడుకుందాం.